గిజిగాడి బడి చిరునామా

వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. వెనక వరండాలో మా అమ్మాయి ఎవరివో పేర్లు పిలుస్తోంది. ఒక పేరు పిలిచి ఆగుతోంది. అవతలివాళ్ళు పలకడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆగి, తర్వాతి పేరు పిలుస్తోంది. సాత్విక్. ఆగింది. జెస్సీ. ఆగింది. లోహిత్. రిషిత. మా బంధువుల్లో గానీ, మా వీధిలో గానీ ఆ పేర్ల పిల్లలు లేరు. అన్నీ అయ్యాక మేఘన అని తన పేరే పిలిచింది. ఈసారి ఆగలేదు. గొంతు మార్చి, "ప్రెజెంట్ మిస్" అంది.

చాకు పక్కన పెట్టి అలాగే నిలబడిపోయాను. నాకు మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే.

పిల్లలు బడి ఆట ఆడుకోవడంలో వింతేముంది అనిపించవచ్చు. మేఘన అప్పటికి ఏ బడికీ వెళ్ళలేదు. అంతకు కొన్ని నెలల ముందు వరకు దానికి మాటలే లేవు.

ముందే చెప్పేస్తాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో పై అంతస్తు గది గురించి అందరూ కథలు చెప్పుకుంటుంటే, ఆ గదే కావాలని అడిగి తీసుకున్నాను. గాలి బాగా వచ్చేది. దిష్టి తీయించడం కూడా మా అత్తగారి కోసమే తప్ప నా కోసం కాదు. ఇప్పుడు రాస్తున్నది కూడా నమ్మించడానికి కాదు. నేను చూసింది చూసినట్టు రాసి పెట్టుకుంటే, ఎక్కడ పొరపాటు పడ్డానో ఎవరైనా చెప్తారేమోనని.

మావారు కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. మాకు ఇద్దరు పిల్లలు. కౌశిక్ రెండో తరగతి. మేఘనకు మూడున్నరేళ్ళు. మూడు దాటినా అది అమ్మ, నీళ్ళు, వద్దు తప్ప ఇంకేమీ అనేది కాదు. వినికిడి పరీక్షలు చేయించాం, బాగానే ఉందన్నారు. స్పీచ్ థెరపీకి తిప్పాం. వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయని మా అత్తగారు ధైర్యం చెప్పేవారు. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నారు కూడా. నేను మాత్రం రోజూ దాని పెదవులకేసి చూస్తూ కూర్చునేదాన్ని. అద్దె ఇల్లు మారడం, ఊళ్ళో సమస్యలు, ఏవీ నాకు పట్టేవి కావు. దానికి మాట రావాలి, అంతే.

జూన్‌లో బడులు తెరిచే ముందు ఈ ఇంట్లోకి మారాం. వెనక పెద్ద వరండా, దాటితే చిన్న సందు. వరండాలో ఒక కుళాయి మోకాలి ఎత్తులో ఉంది. గోడకు బట్టలు తగిలించే కొక్కేలు కూడా బాగా కిందకి, వరసగా ఉన్నాయి. ఎందుకని అడిగితే ఓనరు గారు, కాళ్ళు కడుక్కోవడానికండి అన్నారు. కొక్కేల సంగతి నేను అడగలేదు.

పాలు పొంగించడానికి పంతులుగారు ఎలాగూ వస్తున్నారు. మళ్ళీ ఇంకో ముహూర్తం, ఇంకో ఖర్చు ఎందుకని, మా వైపు చాలామంది చేసినట్టే, మేఘన అక్షరాభ్యాసం కూడా అదే పూట పెట్టించేశాం. ఆ వరండాలోనే, ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, మా అత్తగారు దాని వేలు పట్టుకుని దిద్దించారు. సరస్వతి ఒళ్ళో కూర్చోబెడితే మాట తనే వస్తుందని ఆవిడ ఆశ.

నిజంగానే వచ్చింది. వారం పది రోజుల్లో మొదలైంది. ముందు ఒక్కో మాట, తర్వాత రెండు కలిపి, ఆషాఢం వెళ్ళేసరికి వాక్యాలు. నేను ఫోన్లో అందరికీ వినిపించాను. మా అమ్మ ఏడ్చింది. అందరం కోరుకొండ మెట్లెక్కి మొక్కు తీర్చుకొచ్చాం. అది మధ్యాహ్నం పూట వరండాలో ఒక్కతే కూర్చుని మాట్లాడుకుంటూ ఉండేది. మాట్లాడుతోంది, అదే పదివేలు అనుకున్నాను. ఏం మాట్లాడుతోందో చెవి పెట్టి వినలేదు.

బెండకాయల రోజు విన్నాను.

వెళ్ళి పక్కన కూర్చుని, ఏ బడి ఆడుతున్నావమ్మా అని అడిగాను. "గిజిగాడి బడి" అంది. ఆ పక్షి పేరు మా ఇంట్లో ఎవరమూ వాడం. కౌశిక్ బడి నుంచి వచ్చాక వాడినీ అడిగాను. వాడు షూ లేసు విప్పుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "మిస్ నాతో మాట్లాడదమ్మా. నేను పెద్ద క్లాసు కదా."

ఫోన్లో ఆ పేరు తెలుగులో వెతికాను, ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఒక వెబ్‌సైటు తగిలింది. ఒక్క పేజీ. పైన గూడు బొమ్మ, కింద ఒక ఫొటో. వరండాలో చాపల మీద చిన్న పిల్లలు. వాళ్ళ వెనక గోడకు వరసగా బ్యాగులు వేలాడుతున్నాయి. పక్కన మోకాలి ఎత్తులో కుళాయి. నూలు చీర కట్టుకున్న ఒకావిడ వంగి, ఒక పిల్లవాడి వేలు పట్టుకుని పలక మీద దిద్దిస్తోంది. ముఖం ఫొటోలో సరిగ్గా పడలేదు. నేను ఆ ఫొటో చూస్తున్నది అదే వరండా గడప మీద కూర్చుని.

ఫొటో కింద పిల్లల పేర్లు ఉన్నాయి. సాత్విక్, జెస్సీ, లోహిత్, రిషిత. మేఘన పిలిచిన వరసే. మేఘన పేరు ఉందేమోనని పైకీ కిందకీ జరిపి చూశాను. లేదు. లేదని నిజం చెప్పాలి కదా.

పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో నేను చేసిన ఉద్యోగం, బ్యాంకుల పేరు పెట్టుకుని మోసం చేసే నకిలీ సైట్లను పట్టుకోవడం. అందులో మొదటి పని సైటు చూడటం కాదు, దాని రిజిస్ట్రేషన్ రికార్డు చూడటం. పొలం కొనేముందు ఈసీ తీయించి పాత క్రయవిక్రయాలు చూసినట్టు. ఆ పేరు మొదట ఎప్పుడు నమోదైంది, ఎవరి పేర, చివరిసారి ఎప్పుడు కదిలించి మార్పు చేశారు, గడువు ఎప్పటి వరకు అన్నీ అందులో ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. పాతికేళ్ళ సంస్థ అని గొప్పలు చెప్పుకునే సైటు పేరు నిన్నగాక మొన్న కొన్నదని రికార్డు చెప్పేస్తుంది. పేరు, చిరునామా అబద్ధం రాయొచ్చు. తేదీలు రాసేది మనం కాదు, యంత్రం.

ఇప్పుడు చాలా రికార్డుల్లో సొంతదారు వివరాలు దాచేస్తున్నారు. ఇందులో దాచలేదు. తెలియనివాళ్ళు కొన్నప్పుడు అలాగే వదిలేస్తారు. పేరు దగ్గర సువర్చల అని ఉంది. చిరునామా దగ్గర మా ఇంటి డోర్ నంబరు ఉంది.

దానికి నేను భయపడలేదు. ఇంతకు ముందు అద్దెకున్నావిడ, అంతే కదా. నేను భయపడింది తేదీల దగ్గర. ఆ సైటు పేరు నాలుగేళ్ళ కిందట, ఏప్రిల్ నెలాఖరులో నమోదైంది. ఏటా ఏప్రిల్‌లో గడువు తీరుతుంది. తీరాక కొన్ని వారాలు ఆగి చూస్తారు, డబ్బు కట్టకపోతే పేరు పోతుంది. ఈ ఏడు ఆ వారాలు కూడా అయిపోవస్తుండగా, జూన్‌లో ఎవరో డబ్బు కట్టి దాన్ని నిలబెట్టారు. గడువు వచ్చే ఏప్రిల్‌కి జరిగింది. కదిలించిన రోజు మేము పాలు పొంగించిన రోజు.

అంటే ఆవిడ ఎక్కడో ఉంది. మేము వచ్చినట్టు ఆవిడకు తెలుసు. బహుశా వెనక సందు తలుపు తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. నేను వంట చేసుకుంటుంటే వరండాలోకి వచ్చి నా కూతురితో మాట్లాడి వెళ్తోంది.

ఆ పూటే సందు తలుపుకు కొత్త తాళం వేయించాను. రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే వాడుకలో లేదని వచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం వంట పక్కన పెట్టి, గది కిటికీ పక్కన మేఘనకు కనపడకుండా కూర్చున్నాను. తాళం వేసిన తలుపు వేసినట్టే ఉంది. మేఘన చాప తనే పరుచుకుంది. కాసేపటికి ఎవరో పక్కన కూర్చోవడానికి చోటు ఇచ్చినట్టు కాస్త జరిగింది. తర్వాత పేర్లు మొదలయ్యాయి. సందు తలుపు తెరుచుకోలేదు. మావారు డ్యూటీ నుంచి రాగానే చెప్తే నవ్వారు. ఫీజు అడగని బడి దొరకడం అదృష్టమోయ్ అన్నారు. ఫొటో చూపించాక నవ్వలేదు. ఓనరు గారికి ఆయనే ఫోన్ కలిపి నాకిచ్చారు.

సువర్చల గారు ఎక్కడుంటారండీ అని అడిగాను.

"ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఎవరూ చెప్పలేదండి, ఆవిడ సైటు చూశాను అన్నాను.

"ఆవిడ పోయారమ్మా. కార్తీకం వెళ్ళాక. పిల్లల్ని పంపించేసి, ఆ వరండాలోనే చాప మీద ఒరిగారట. గుండె ఆగిందన్నారు. ధనిష్ఠా నక్షత్రం అండి. పంతులుగారు ఆరు నెలలు మూయమన్నారు, మూశాను. ఒక్క దీపం వెలగనివ్వలేదు. తర్వాత శాంతి చేయించి, అప్పుడే మీకిచ్చాను. ఇంక దోషం ఎక్కడిదండి?"

ఆయన మోసగాడు కాదు. ఆ నక్షత్రంలో పోతే ఇల్లు మూయాలన్నది మా వైపు అందరం పాటించేదే, ఆయన అక్షరాలా పాటించారు. అద్దెకొచ్చేవాళ్ళకి అలాంటివి నోరు తెరిచి చెప్పకపోవడమూ అందరూ చేసేదే. పక్కింటి ఆంటీ కూడా అంతే. అడిగాక, చాలా మంచి మనిషమ్మా, మాటలు రాని పిల్లల్ని కూడా ఓపిగ్గా కూర్చోబెట్టుకునేది అంది. పిల్లల పేర్లు మాత్రం ఆంటీకి తెలియవు. మేఘనకు తను ఏమీ చెప్పలేదని చెప్పింది.

నేను మళ్ళీ రికార్డు తెరిచాను. మనిషి లేనప్పుడు ఇంక యంత్రమే. బ్యాంకు కార్డు అలాగే ఉండిపోతే డబ్బు దానంతట అదే కట్ అవుతుంది, నేను అలాంటివి ఎన్నో చూశాను. కదిలించిన సమయం చూస్తే నాలుగున్నర దాటాక అని ఉంది. తెల్లవారుజాము. యంత్రాలు అలాంటి పనులు చేసుకునేది అప్పుడే. హాయిగా ఊపిరి వదిలాను.

స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. ఆ రికార్డుల్లో సమయం మనది కాదు, ప్రపంచ సమయం. మన సమయం రావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. ఉద్యోగంలో కొత్తవాళ్ళకు నేనే నేర్పిన సంగతి అది. భయంలో నేనే మర్చిపోయాను.

కలిపితే ఉదయం పది దాటింది. అక్షరాభ్యాసం వీడియో నా ఫోన్లోనే ఉంది. తీసిన సమయం కిందే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ పేరు నిలబడిన నిమిషంలో మేఘన వేలు బియ్యంలో ఉంది.

ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. ఓ అని దిద్దిస్తూ మా అత్తగారు పమిట సర్దుకోవడానికి ఒకసారి చెయ్యి వదిలేస్తారు. వేలు ఆగదు. ఒ పూర్తయి, దీర్ఘం కూడా పడుతుంది. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం. చిన్నపిల్ల, అప్పటికే చెయ్యి తిప్పడం అలవాటై ఉండొచ్చు అన్నారు మావారు. ఉండొచ్చు.

ఓనరు గారి దగ్గర నంబరు తీసుకుని సువర్చల గారి అన్నయ్యకు ఫోన్ చేశాను. యానాంలో ఉంటారు. చెల్లెలి ఫోను, బ్యాంకు ఖాతా సంక్రాంతి లోపే మూయించేశానన్నారు. "మా చెల్లికి వెబ్‌సైటు ఉందని మీరు చెప్తేనే తెలిసిందండి" అన్నారు. తర్వాత, మీ పాప బాగా చదువుకుంటోందా అని అడిగారు. ఉంటానండి అని పెట్టేశాను. సైటు పేరు అమ్మిన కంపెనీకి ఈమెయిల్ రాస్తే, ఖాతాదారుల వివరాలు ఇవ్వలేమని మర్యాదగా జవాబిచ్చారు.

మా అత్తగారికి చెప్తే ఆవిడ భయపడలేదు. పిల్లలు లేనావిడట కదా, మంచిదే చేస్తుంది అన్నారు. "వచ్చిన మాట ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతారా అమ్మా ఎవరైనా?"

నేను అడిగాను. నా కూతురి వేలు ఎవరు పట్టుకున్నారో తెలియకుండా నిద్ర పట్టే తల్లిని కాదు నేను. ఇవాళ అక్షరాలు దిద్దించిన మనిషి రేపు నాతో రమ్మంటే? అది వెళ్తానంటే? దసరా సెలవులు ఇవ్వగానే ఇద్దరినీ తీసుకుని రాజమండ్రి మా అమ్మ దగ్గరకి బయలుదేరాను. ఇంక ఆ ఇంటికి రానని మావారితో చెప్పేశాను.

బస్సులో మేఘన సామర్లకోట దాటే వరకు వాగుతూనే ఉంది. కిటికీలోంచి కనబడిన ప్రతిదాని పేరు అడిగింది. తర్వాత నిద్రపోయిందనుకున్నాను. చూస్తే కళ్ళు తెరిచే ఉంది.

రాజమండ్రిలో అది ఒక్క మాట మాట్లాడలేదు.

రెండు రోజులు అలకేమో అనుకున్నాం. తర్వాత థెరపిస్టుకు ఫోన్ చేశాను. చోటు మారితే కొందరు పిల్లలు అలా వెనక్కి వెళ్తారు, బలవంతపెట్టకండి అన్నారు. మా అమ్మ పూతరేకులు చేతిలో పెట్టి ఏమంటారే దీన్ని అని అడిగేది. అది తినేది, చూసేది, అంతే. అమ్మ అని కూడా అనలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేది. అంతకు ముందు దానికి మాట రాలేదని ఏడ్చాను. వచ్చి పోవడం అంతకంటే ఘోరం. దాని గొంతు ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుసు.

ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడ్చేది. మా అమ్మ ఇంటి బాల్కనీలో మధ్యాహ్నం పూట వెళ్ళి కూర్చునేది. నోరు తెరిచి, ఆగి, మళ్ళీ మూసేది.

సెలవులు అయిపోవచ్చాయి. కౌశిక్ బడికి కాకినాడ వెళ్ళాలి. మావారు వేరే ఇల్లు చూశానన్నారు. రెండు గదులు, బానే ఉంది. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మళ్ళీ రికార్డు తీశాను. అదే పేరు, అదే చిరునామా. గడువు తేదీకేసి చాలాసేపు చూశాను. ఎంత కాలానికి కొన్నారన్నది చూస్తే వాళ్ళ ఉద్దేశం తెలుస్తుందని ఉద్యోగంలో మాకు నేర్పారు. మోసగాళ్ళు ఏడాదికే కొంటారు, పదేళ్ళు ఉండదలుచుకున్నవాళ్ళు పదేళ్ళకు కొంటారు. ఇది ఏప్రిల్ వరకే. బడి సంవత్సరం పూర్తయ్యే వరకు. ఆవిడ మేఘనను ఎప్పటికీ తన దగ్గరే ఉంచమని అడగడం లేదేమో అనిపించింది. నాకు కావలసినట్టు చదువుకుంటున్నానేమో కూడా. చదివింది ఒక తేదీ మాత్రమే.

మూసేసిన ఖాతాలోంచి డబ్బు ఎవరు కట్టారో, ఆ నిమిషమే ఎందుకు కట్టారో, చదవడం రాని పిల్లకు ఆ పేర్లు ఎలా తెలిశాయో, ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒక ముడి విడదు. మావారి దగ్గర ఒక్కో ప్రశ్నకు ఒక్కో సమాధానం ఉంది. అవన్నీ కలిపి ఒకేసారి నిజం కావాలంటే నాకు దయ్యాలను నమ్మడమే తేలికనిపిస్తుంది. అదీ నమ్మలేకపోతున్నాను. వచ్చే ఏప్రిల్‌లో ఆ రికార్డు ఏం చెప్తుందో తెలియదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్ళి పిల్లల్ని చూసొచ్చాను. ఇద్దరూ నిద్రపోతున్నారు.

రాజమండ్రిలో ఆ మరుసటి ఉదయం ఇద్దరికీ పాలు ఇచ్చి, ఎదురుగా కింద కూర్చున్నాను. నిద్ర లేక నా కళ్ళు మండుతున్నాయి. ఇవాళ కాకినాడ వెళ్తున్నామని చెప్పాను. పాత ఇంటికే. సందు తలుపు తాళం నా దగ్గరే ఉంటుందని, మధ్యాహ్నం వంట తర్వాత చేసుకుంటానని, బడి అయ్యే వరకు నేను కూడా వచ్చి అక్కడే చాప మీద కూర్చుంటానని చెప్పాను.

మేఘన గ్లాసు కింద పెట్టి నావంక చూసింది.

"మిస్ నిన్ను కూర్చోనిస్తుందా అమ్మా?" అన్నాడు కౌశిక్.

అడుగుతాను అని చెప్పాను.